సుడి తిరిగే చుక్కలు

బస్తరు అనగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించేవి ఇంద్రావతీ నది, చిత్రకోట జలపాతం, ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశజుడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించినాడన్న వంశగాథ. ఆ నేల మీది ఆకాశాన్ని గురించి చెప్పుకొన్నవారు తక్కువ. జగదల్‌పూరు పట్టణం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. కార్తికమాసంలో అర్ధరాత్రి వేళకు కృత్తికలు అక్కడ ఇంచుమించు నడినెత్తికి చేరుతవి. అదే రాత్రి కొంచెం ముందుగా చూస్తే, ఉత్తరాన ఆకాశంలో సగం ఎత్తున కాసియోపియా మండలం కనిపిస్తుంది. హిందీవారు దానిని శర్మిష్ఠ అంటారు. దక్షిణాన అడవి అంచును తాకుతున్నట్లు ఒక తెల్లని ఒంటరి చుక్క ఉంటుంది. దాని పేరు ఆకెర్నార్. అరబ్బీ భాషలో 'నది కొస' అని అర్థం. ఈ మూడు తావులలోని తారలకు ఒక సామాన్య లక్షణం ఉన్నది. అవి మిక్కిలి వేడివి. తమ చుట్టూ తాము విపరీతమైన వేగంతో తిరిగేవి. వాటి స్వభావాన్ని తెలుసుకోవడానికి మానవునికి నూటయేభై ఏండ్లకు పైగా పట్టినది. ఆ పని ఇంకా ముగియలేదు.

శాస్త్రజ్ఞులు రాకముందు ఆ ఆకాశం ఖాళీగా లేదు. గోండుల ఖగోళ సంప్రదాయాన్ని గురించి మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే అనే పరిశోధకులు మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ ప్రాంతాలలో సుమారు 15 గ్రామాలు తిరిగి సేకరించిన విశేషాలు 2013లో వెలువడినవి. సంస్కృత జ్యోతిషం ఏడుగురు ఋషులను చూసిన చోట గోండులు ఒక మంచాన్ని చూస్తారు; దాని వెంటనున్న మూడు చుక్కలు దొంగలు. యవనులు వేటగానిని చూసిన మృగవ్యాధ మండలంలో వారికి కనిపించేది నాగలి. బస్తరు మురియా, మాడియా జనులు ఈ గోండు కుటుంబంలోనివారే. తెలుగు పల్లెలలో కృత్తికలను పిల్లలకోడి అన్నవారి చూపు కూడా ఇటువంటిదే. మంచం, నాగలి, కోడి అనేవి ఇంటివస్తువులు, పొలంవస్తువులు. ఆకాశాన్ని ఇంటిలో భాగంగా చూచిన జనం దానిని మరచిపోరు. రాత్రి వెంట రాత్రి, ఏడాది వెంట ఏడాది చూస్తూనే ఉంటారు. ఈ తారల అధ్యయనానికి అన్నింటికంటె అవసరమైన గుణం అదే.

తారల వెలుగును పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సు వంటి వర్ణపటం ఏర్పడుతుంది. సాధారణమైన తారలలో ఆ రంగుల పట్టీ మీద నల్లని గీతలు ఉంటవి. తార ఉపరితలం మీది వాయువులు తమకు తగిన రంగులను పీల్చుకోవడమే అందుకు కారణం. రోము నగరంలోని వేధశాలలో పనిచేసిన ఆంజెలో సెక్కీ అనే క్రైస్తవ గురువు 1866లో కాసియోపియా మండలంలోని నడిచుక్కను పరిశీలించినాడు. అతనికి ఉదజని గీత నల్లగా ఉండవలసిన చోట ప్రకాశవంతంగా కనిపించినది. పీల్చుకోవలసిన వాయువు వెలుగును వెదజల్లుతున్నది. ఇది ఎట్లా సంభవమో ఆనాడు ఎవరికీ తెలియదు. ఈ జాతికి చెందిన తారలలో మొదట గుర్తింపు పొందినది ఆ చుక్కే.

ఆ చిక్కుముడిని విప్పే తొలి పోగు రెండేండ్లకు తెలుగుదేశంలో దొరికినది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ గుంటూరుకు వచ్చినాడు. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్టణం చేరినాడు. సూర్యబింబం మరుగుపడగానే దాని అంచున లేచిన ఎర్రని జ్వాలలను జాన్సెన్ వర్ణపటదర్శినితో చూచినాడు. అక్కడ ఉదజని గీతలు ప్రకాశవంతంగా ఉన్నవి. కనుక ఆ జ్వాలలు వేడెక్కిన పలుచని వాయువులని తేలినది. వెనుక మండే బింబం ఉంటే వాయువు నల్లని గీతను చూపుతుంది. బింబానికి పక్కగా విడిగా నిలిస్తే వెలుగు గీతను చూపుతుంది. గ్రహణం విడిచిన మరునాడు కూడ అతడు ఆ జ్వాలలను పట్టపగలే చూడగలిగినాడు. ఈ గ్రహణంలో కనిపించిన పసుపు గీత ఒక కొత్త మూలకానిదని పిమ్మట తేలినది. అదే హీలియం, భూమి మీద అది 1895లో దొరికినది. గుంటూరు పాఠాన్ని సెక్కీ చుక్కకు అన్వయిస్తే, ఆ తార చుట్టూ, దాని బింబానికి వెలుపల, వేడి వాయువు ఆవరించి ఉండాలి. అది అక్కడికి ఎట్లా చేరినది?

సమాధానం తారల భ్రమణంలో ఉన్నది. తిరుగుతున్న బింబంలో ఒక అంచు మనవైపు వస్తుంది, మరొక అంచు మననుండి తొలగిపోతుంది. వచ్చే అంచు వెలుగు నీలం వైపు, పోయే అంచు వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. అందువల్ల గీత సన్నగా ఉండక రెండు వైపులా పరచుకొంటుంది. ఈ ఊహను 1877లోనే విలియం ఆబ్నీ ప్రతిపాదించినాడు. కాని జర్మనీలో వర్ణపట శాస్త్రానికి పెద్దయైన ఫోగెల్ దానిని అంగీకరించలేదు. అర్ధశతాబ్దం పాటు ఆ ఊహ మూలన పడి ఉన్నది. 1924లో రాసిటర్, మెక్లాఫ్లిన్ అనేవారు ఒకదానినొకటి మరుగుపరిచే జంట తారలలో భ్రమణానికి స్పష్టమైన నిదర్శనం చూపినారు. 1929లో షాయిన్, ఆటో స్ట్రూవె కలిసి గీతల వెడల్పునుండి భ్రమణవేగాన్ని లెక్కించే మార్గం ఏర్పరచినారు. సూర్యుని మధ్యరేఖ మీద వేగం క్షణానికి 2 కిలోమీటర్లు. ఈ తారలలో అది వందల కిలోమీటర్లు.

స్ట్రూవె రష్యాలో పుట్టి, అంతర్యుద్ధం తరువాత దేశం విడిచి అమెరికాలోని యెర్కిస్ వేధశాలలో ఆశ్రయం పొందినవాడు. 1931లో అతడు ప్రకటించిన వ్యాసం ఈ చరిత్రలో మలుపు. ఇంత వేగంగా తిరిగే తార గోళంగా ఉండజాలదు. మధ్యలో ఉబ్బి గుమ్మడికాయవలె అవుతుంది. అక్కడ గురుత్వం బలహీనపడి వాయువు జారిపోయి, తార చుట్టూ వలయంగా ఏర్పడుతుంది. వెలుగు గీతలు ఆ వలయానివి. వలయాన్ని పక్కనుండి చూస్తే ఒక రీతిగా, పైనుండి చూస్తే మరొక రీతిగా గీతలు కనిపిస్తవి. ఒకే బొమ్మతో అనేక వింతలకు అర్థం దొరికినది.

అయితే ఆ బొమ్మ పూర్తి కాలేదని తారలే చెప్పినవి. సెక్కీ చూచిన చుక్క 1937లో ఎన్నడూ లేనంతగా వెలిగి, తరువాత కొద్ది ఏండ్లలోనే మసకబారినది. కృత్తికలలోని ప్లెయోనీ మరింత విచిత్రమైనది. అది క్షణానికి మూడువందల కిలోమీటర్లకు మించిన వేగంతో తిరుగుతుంది. దాని వెలుగు గీతలు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో మాయమైనవి. 1938లో దట్టమైన వాయుకవచంతో అది మళ్లీ కనిపించినది. 1972లో ఆ కథ మరొకసారి నడిచినది. వేగం స్థిరంగా ఉండగా వలయం మాత్రం వచ్చి పోతున్నదంటే, వేగం ఒక్కటే కారణం కాదన్నమాట. తార అంచువరకు చేరుతుంది, అంచు దాటించడానికి మరొక చేయి కావాలి. తార ఒడలిలో లేచే స్పందనలు ఆ చేయి కావచ్చునని నేటి అభిప్రాయం. బయటపడ్డ వాయువు తన ఘర్షణ చేతనే క్రమంగా వెలుపలికి వ్యాపించి పళ్లెంవలె పరచుకొంటుందన్న సిద్ధాంతాన్ని 1991లో జపాను శాస్త్రజ్ఞులు వివరించినారు. ఇక ఆ వేగం కొన్ని తారలకు పుట్టుకతో వచ్చినది. కొన్నింటికి జంట తార తన పదార్థాన్ని కుమ్మరించడం వల్ల అబ్బినది.

తార ఉబ్బి ఉంటుందన్న మాటను కంటితో చూడగలగడం ఇరవై ఒకటవ శతాబ్దిలోనే సాధ్యమైనది. దూరదూరంగా ఉన్న దూరదర్శినుల వెలుగును కలిపి చూచే విధానంతో 2001లో శ్రవణ నక్షత్రం, 2003లో ఆకెర్నార్, 2005లో మఖ నక్షత్రం గోళాలు కావని తేలినది. మన సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి సుమారు 25 రోజులు తీసుకొంటే, మఖ సుమారు 16 గంటలలో తిరుగుతుంది. అట్టి తార ధ్రువాల వద్ద మిక్కిలి వేడిగా, మధ్యన మసకగా ఉంటుందని 1924లో ఫాన్ జైపెల్ కాగితం మీద చెప్పిన మాట కూడ నిజమైనది. పంచాంగంలో పేర్లుగా మిగిలిన నక్షత్రాలు ఇట్లా రూపం ధరించి మన ముందు నిలిచినవి.

ఈ కథలో తెలుగుదేశపు పాత్ర గుంటూరుతో ముగియలేదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో నెలకొల్పిన వేధశాల, అతని మరణం తరువాత 1908లో ప్రభుత్వపరమై నిజామియా వేధశాలగా బేగంపేటలో స్థిరపడినది. ప్రపంచ వేధశాలలన్నీ పంచుకొన్న ఆకాశపటం పనిలో ఆ సంస్థ ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలను గుర్తించినది. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు వేణు బాప్పు. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డులో పట్టం పొంది, 1960లో కొడైకనాలు వేధశాలకు అధిపతి అయినాడు. తమిళనాడులోని కవలూరులో కొత్త వేధశాలను నిలబెట్టినవాడు ఆయనే. ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల–రంగాపురం వద్ద 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పినది. లడాఖులోని హాన్లే శిఖరం మీది దూరదర్శినితో బ్లెసన్ మాథ్యూ, అన్నపూర్ణి సుబ్రమణియం, భట్ అనేవారు రెండువందలకు పైగా తారాగుచ్ఛాలను గాలించి, వాటిలో వెలుగు గీతల తారలను వెదకి, 2008లో ఫలితాలు ప్రకటించినారు.

ప్లెయోనీ ఒక ఆవర్తం పూర్తి చేయడానికి సుమారు ముప్పదియైదేండ్లు పడుతుంది. ఒక శాస్త్రజ్ఞుని ఉద్యోగకాలం అంతే. ఒకరు ఆరంభం చూస్తే మరొకరు అంతం చూడాలి. నడుమ పది సంవత్సరాలు ఎవరూ చూడకపోతే ఆ పదేండ్లు శాశ్వతంగా పోయినట్లే. తార తన వలయాన్ని విసర్జించిన రాత్రి మన వద్ద లేఖనం లేకుంటే, దానిని ఎంత పెద్ద దూరదర్శిని అయినా తిరిగి తేలేదు. అందుచేత ఈ శాస్త్రంలో పరికరం వెల కంటె పరంపర వెల హెచ్చు. నగరపు వెలుగులు ఎదిగినకొద్దీ ఊరి దాపుననున్న వేధశాలలకు చూపు మందగిస్తుంది. పరిపాలన మారినప్పుడు, మనుషులు విరమించినప్పుడు లేఖనాల వరుస తెగుతుంది.

బస్తరు ప్రసక్తికి ఇక్కడ అర్థమున్నది. అక్కడ నాగలి, మంచం అనే చుక్కల పేర్లు ముసలివారితో పాటు పోవచ్చు. పిల్లలు వాటిని నేర్వకపోవచ్చు. ఆ అడవులలో ఇంకా మిగిలిన చీకటి కూడ క్రమంగా పోవచ్చు. ఈ రెండు నష్టాలూ వేరు కావు. నేడు చిన్న దూరదర్శినికి వర్ణపటదర్శిని తగిలించి, ఇంటి ముంగిటినుండే ఈ తారల గీతలను నమోదు చేసే ఔత్సాహికులు అనేక దేశాలలో ఉన్నారు. వారి లేఖనాలను ఫ్రాన్సులోని ఒక భాండాగారం భద్రపరుస్తున్నది. చీకటి గల పల్లెకు, ఓపిక గల చూపుకు అందులో చోటున్నది. పిల్లలకోడి అన్న పేరు తెలిసిన బాలునికి ఆ కోడిపిల్లలలో ఒకటి గింగిరాలు తిరుగుతూ వాయువలయాలను విసురుతున్నదని కూడ తెలిస్తే, పాత పేరుకు లోటేమీ రాదు. ఆ పేరు వల్లనే అతడు మరునాటి రాత్రి తల ఎత్తి చూస్తాడు.