‘చాంద్రరోగి’: పున్నమికీ ఉన్మాదానికీ ముడిపడిన భావన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మతి చలించినవారి గురించి మాట్లాడేటప్పుడు తెలుగు పల్లెల్లో తరచు వినబడే మాట ఒకటుంది: “అమావాస్యకూ పున్నానికీ ఎక్కువవుతుంది.” పూర్వపు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన రెడ్డిగూడెం, నందిగామ, జగ్గయ్యపేట పరిసరాలూ ఇందుకు మినహాయింపు కావు. ఈ మాటను ఇంగ్లీషులోని ‘లూనటిక్’ అనే పదానికి సమానార్థకంగా గ్రహించి, పూర్ణచంద్రుడు మతి చెడగొడతాడన్నది మన పూర్వుల అభిప్రాయం కూడా అని చెప్పడం పరిపాటి అయింది. ఈ సమీకరణం ఎంతవరకు సమంజసమో శాసన, శాస్త్ర, కావ్య, అనువాద ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటను చూడాలి. తెలుగులో ఉన్మాదానికి వాడుకలో ఉన్న పిచ్చి, వెర్రి, మతిభ్రమణం వంటి పదాల్లో వేటిలోనూ చంద్రుడు లేడు. పై లోకోక్తిలో పున్నమి ఒంటరిగా రాదు. అమావాస్యతో జంటగా వస్తుంది. వెన్నెలే కారణమైతే వెన్నెల బొత్తిగా లేని రాత్రికి అందులో చోటుండకూడదు. ఎప్పుడో ఒకసారి జరిగేదానిని ‘అమావాస్యకో పున్నానికో’ అంటాం. అక్కడ ఆ రెండు తిథులూ కాలాన్ని కొలిచే గుర్తులే. రోగి విషయంలోనూ ఈ జంట పదం మొదట చెప్పేది రోగం తిరగబెట్టే కాలాన్ని గురించే కాని, దాని కారణాన్ని గురించి కాదు.

పక్షం – కాలగణన, కూడిక

చంద్రుణ్ణి కాలమానంగా గ్రహించిన దాఖలా ఈ నేలలోనే ఉంది. జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన ఆయక స్తంభ శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరానిది. అందులో తేదీ వర్షకాలపు 8వ పక్షం, 10వ దినం అని ఉంది. నెల పేరు లేదు. ఋతువు, పక్షం, దినం మాత్రమే ఉన్నాయి. బౌద్ధ సంఘంలో పున్నమి, అమావాస్యలు ఉపోసథ దినాలు. ఆ రోజుల్లో భిక్షువులు ఒకచోట చేరి ప్రాతిమోక్ష నియమాలను పఠించి, తమ నడవడిని సమీక్షించుకొనేవారు. ఆ వ్యవస్థలో పున్నమి మనసు అదుపు తప్పే రోజు కాదు, అదుపును సరిచూసుకొనే రోజు.

నందిగామ, జగ్గయ్యపేటల నడుమ మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ కల్యాణం మాఘ పౌర్ణమికి జరుగుతుంది. విద్యుద్దీపాలు లేని కాలంలో బండ్లు కట్టుకొని రాత్రివేళ ప్రయాణించే జనానికి వెన్నెలే దీపం. ఇటువంటి తిరునాళ్ళలో డప్పుల మోత, ఉపవాసం, జాగరణ, జనసమ్మర్దం మధ్య కొందరికి పూనకం వస్తుంది. ‘పూనకం’, ‘పిచ్చి’ అనే రెండు మాటలను తెలుగు సమాజం కలగలపలేదు. పూనకానికి మొదలూ తుదీ ఉంటాయి, చుట్టూ ఉన్నవారి గౌరవం ఉంటుంది. పిచ్చికి ఆ హద్దులూ లేవు, ఆ మన్ననా లేదు. పున్నమినాడు మనుషుల ప్రవర్తన మారినట్లు కనిపించడంలో ఆనాటి సామూహిక జీవితానికి పెద్ద పాలు ఉందని దీనివల్ల తెలుస్తుంది.

శాస్త్రాల్లో తిథి, కావ్యాల్లో వెన్నెల

చంద్రునికీ మనసుకూ సంబంధం చెప్పిన సంప్రదాయం ప్రాచీనమే. పురుషసూక్తం విరాట్పురుషుని మనసునుండి చంద్రుడు పుట్టాడంటుంది. జ్యోతిషం చంద్రుణ్ణి మనఃకారకుడంటుంది. అయితే ఉన్మాద చికిత్సను చర్చించిన ఆయుర్వేద గ్రంథాలు పున్నమికి ఏకాధిపత్యం ఇవ్వలేదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం గ్రహావేశాలకు వేర్వేరు వేళలు చెప్పింది: దేవగ్రహాలకు పూర్ణిమ, అసురులకు సంధ్య, గంధర్వులకు ప్రాయికంగా అష్టమి, యక్షులకు పాడ్యమి, పితృగ్రహాలకు అమావాస్య, సర్పగ్రహాలకు పంచమి, పిశాచాలకు చతుర్దశి. ఈ పట్టికలో పున్నమి అనేక తిథుల్లో ఒకటి మాత్రమే.

చరక సంహిత నిదానస్థానం ఇంకొక అడుగు ముందుకు వేసింది. దేవతలు గాని పిశాచాలు గాని, తనంతట తాను క్లేశపడని మనిషిని బాధించలేరనీ, ప్రజ్ఞాపరాధం వల్ల కలిగిన రోగానికి వివేకి దేవతలను, పితరులను, రాక్షసులను నిందించరాదనీ అంటుంది. రోగిదే తప్పు అనే భారాన్ని ఈ వాదం మోపే ప్రమాదం ఉన్నమాట నిజం. కాని కారణాన్ని ఆకాశంలో కాక మనిషి జీవితంలో వెదకమన్న దిశానిర్దేశం మాత్రం ఇందులో స్పష్టం.

కావ్యాల్లోనూ ఇదే వివేచన కనబడుతుంది. మనుచరిత్రలో వరూధిని, వసుచరిత్రలో గిరిక విరహంతో చంద్రుణ్ణి నిందిస్తారు. చంద్రోపాలంభం ప్రబంధాల్లో తప్పనిసరి వర్ణన అయింది. మన్మథావస్థల్లో ఉన్మాదం ఒకటి. అయినా ఆలంకారికులు వెన్నెలను వసంతం, కోకిల, ఉద్యానాలతోపాటు ఉద్దీపన విభావంగానే లెక్కించారు. ఆలంబనం నాయకుడో నాయికో. వెన్నెల ఉన్న బాధను రగిలిస్తుంది. లేని బాధను పుట్టించదు. లోకోక్తిలోని ‘ఎక్కువవుతుంది’ అనే క్రియ చెప్పేదీ ఇదే. ఎక్కువ కావాలంటే ముందే ఉండాలి.

‘చాంద్రరోగి’ – అనువాదం, చట్టం

మరి చంద్రుడే రోగకారణం అనే అర్థాన్ని పదంలోనే పొదిగిన మాట తెలుగులో లేదా? ఉంది. తెలుగు బైబిలు ప్రాచుర్య అనువాదంలో మత్తయి సువార్త 4, 17 అధ్యాయాల్లో కనబడే ‘చాంద్రరోగి’ అటువంటిది. గ్రీకు మూలంలోని పదం చంద్రవాచకమైన ‘సెలీనీ’ నుండి పుట్టింది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం దానిని ‘లూనటిక్’ అని, 1881 నాటి సవరణ మూర్ఛరోగి అనే అర్థంలో మార్చింది. తెలుగు పదం పాత వ్యుత్పత్త్యర్థాన్నే నిలుపుకొంది. తెలుగులో సువార్తల ముద్రణ 1812లో మొదలైంది. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో చర్చి మిషనరీ సొసైటీ కృషితో నందిగామ సమీపంలోని రాఘవాపురం మెట్ట ప్రాంతపు క్రైస్తవ కేంద్రాల్లో ఒకటయింది. అలా గ్రీకు నాటి వైద్య భావన ఒకటి ఈ పల్లెల ప్రార్థన మందిరాల్లోనూ వినబడసాగింది. అయినా ‘చాంద్రరోగి’ గ్రంథస్థంగానే మిగిలింది. పిచ్చి, వెర్రి వంటి మాటలను తోసిరాజనలేదు.

రెండవ మార్గం చట్టం. ఇంగ్లండు న్యాయవేత్త బ్లాక్‌స్టన్ 18వ శతాబ్దిలో ‘లూనటిక్’ను నిర్వచిస్తూ, మధ్య మధ్య తెలివి వచ్చే ఆ స్థితి తరచు చంద్రుని మార్పులను అనుసరిస్తుందన్నాడు. ఆ పదమే 1858 నాటి ఉన్మాదాలయాల చట్టంతో భారతదేశానికి వచ్చి, 1912 చట్టంలో స్థిరపడింది. ఇంగ్లండు 1930లో చట్టభాష నుంచి ఈ పదాన్ని చాలామేరకు తొలగించింది. మనదేశంలో 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చేదాకా 1912 చట్టమే కొనసాగింది. వాల్తేరు ఉన్మాదాలయం వంటి సంస్థలు ఈ పరిభాషలోనే నడిచాయి. ‘లూనటిక్’ భావనను స్వదేశీయమని భ్రమింపజేయడంలో లోకోక్తికన్నా ఈ పాలనాభాష ప్రభావమే అధికమని చెప్పవచ్చు.

ఆధునిక పరిశోధనల వెలుగులో

1985లో రాటన్, కెలీ 37 అధ్యయనాలను సమీక్షించి, పున్నమికీ ఉన్మాద ప్రవర్తనకూ కారణ సంబంధం నిలబడదని తేల్చారు. శరీరంలోని నీటిపై చంద్రుని ఆకర్షణ సముద్రపు పోటులా పనిచేస్తుందన్న వాదమూ నిలవదు. మనిషి దేహం మీద ఆ ప్రభావం లెక్కలోనికి రానంత స్వల్పం.

నిద్ర విషయం వేరు. 2021లో అర్జెంటీనాలోని తోబా సముదాయాల్లోను, అమెరికాలోని సియాటిల్ విద్యార్థుల్లోను జరిపిన అధ్యయనంలో పున్నమికి ముందు రాత్రుల్లో జనం ఆలస్యంగా, తక్కువగా నిద్రపోతున్నట్లు తేలింది. నిద్రలేమి ఉద్వేగోన్మాదాన్ని, మూర్ఛను రేపగలదన్నది వైద్యులెరిగిన సత్యం. దీపాలు లేని కాలంలో వెన్నెల నిద్రను చెరిపి, అప్పటికే ఉన్న రోగాన్ని ముదిర్చి ఉండవచ్చునని 1999లో రైసన్ బృందం ప్రతిపాదించింది. 2018లో వేర్, త్వరత్వరగా స్థితులు మారే ద్విధ్రువ రుగ్మతగల 17 మందిలో ఆ మార్పులు చాంద్ర చక్రాలతో మేళవించినట్లు నివేదించాడు. ఇది అల్పసంఖ్యాకుల పరిశీలన. జనసామాన్యానికి వర్తించే సూత్రం కాదు. ఈ ఫలితాలను ఆలంకారిక పరిభాషలో చెప్పాలంటే, చంద్రుడు ఉద్దీపనం కావచ్చు, ఆలంబనం కాడు.

ముగింపు

పై ఆధారాలనుబట్టి మూడు అంశాలు తేలుతున్నాయి. తెలుగు వాడుకలో పున్నమి, అమావాస్యలు రోగం తిరగబెట్టే కాలానికి గుర్తులు. శాస్త్ర, కావ్య సంప్రదాయాలు చంద్రునికి సహాయక స్థానమే ఇచ్చాయి. చంద్రుణ్ణి పేరులోనే కారణంగా నిలిపిన భావన అనువాదం ద్వారా, చట్టం ద్వారా వచ్చింది.

ఈ తేడా నిఘంటువుకు మాత్రమే పరిమితమైనది కాదు. కారణం చంద్రుడే అనుకొన్న కుటుంబం పున్నమి దాటేదాకా వేచి చూస్తుంది. ఉగ్రత తగ్గగానే నయమైందని భావిస్తుంది, మరుసటి పక్షానికి మళ్ళీ భయపడుతుంది. ఈలోగా చికిత్స వెనకబడుతుంది, కొన్నిచోట్ల గొలుసు ముందుకు వస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ‘పున్నానికి ఎక్కువవుతుంది’ అన్న ఇంటివారి మాటను కొట్టిపారేయనక్కరలేదు. రోగి ఆ రాత్రుల్లో ఎంతసేపు నిద్రపోయాడని అడగడానికి అది వైద్యునికి ఆధారం కాగలదు.