ఉక్కపోతలో ఊడిగం: అండమాన్ శ్రమ చరిత్రలో ఒక అధ్యాయం

వేసవి తీవ్రతను డిగ్రీలలో చెప్పుకోవడం తెలుగువారికి అలవాటు. రెంటచింతలలోనో రామగుండంలోనో పాదరసం 45 దాటిన రోజున ఆ అంకె మరునాటి పత్రికలకు పతాక శీర్షిక అవుతుంది. ఈ కొలబద్దతో చూస్తే అండమాన్ దీవులు చల్లని ప్రదేశాలనే అనుకోవాలి. 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురమని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్‌లో పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా 30 డిగ్రీల చుట్టుపక్కలనే ఉంటుంది. ఏప్రిల్‌లో కాస్త పెరిగినా 35 దాటడం అరుదు. అయినప్పటికీ ఆ దీవులలో పనిచేసినవారి జ్ఞాపకాలలో వేడిమిని గూర్చిన మొర ఆగకుండా వినిపిస్తుంది. ఈ వైరుధ్యానికి కారణం గాలిలోని తేమ.

మనిషి దేహం తనను తాను చల్లబరచుకొనేది చెమటతో. అయితే చెమట కారినంత మాత్రాన ప్రయోజనం లేదు, అది ఆరాలి. చుట్టూ ఉన్న గాలి ముందే నీటి ఆవిరితో నిండి ఉంటే చెమట ఆరక ధారలు కట్టి నేలపాలవుతుంది. ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి గాని వేడి పోదు. ఉష్ణమాపకం బుడ్డికి తడిగుడ్డ చుట్టి తీసుకొనే కొలతను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట ఆరడం వల్ల శరీరానికి ఎంత ఉపశమనం దొరకగలదో ఈ కొలత తెలుపుతుంది. 45 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉన్న పల్నాటి మధ్యాహ్నాన తడి బల్బు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. 31 డిగ్రీలే ఉండి తేమ 75 శాతం ఉన్న పోర్ట్ బ్లెయిర్ మధ్యాహ్నాన అది 27 దాటుతుంది. వడగాడ్పు ప్రాణాంతకం కాదని దీని అర్థం కాదు; దాని దారి వేరు. కాని నీడపట్టున ఉండి బరువు పని చేసేవానికి రెండవ చోటే ఎక్కువ దుర్భరం. అండమాన్ శ్రమ చరిత్రను అర్థం చేసుకొనుటకు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి.

ఈ దీవులలో స్థిరపడడానికి ఈస్టిండియా కంపెనీ చేసిన మొదటి ప్రయత్నం ఎంతోకాలం నిలువలేదు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ ద్వీపం వద్ద నెలకొల్పిన వలసను 1792లో ఉత్తర అండమాన్‌కు మార్చారు. జ్వరాలకు, మరణాలకు తట్టుకోలేక 1796లో దానిని పూర్తిగా వదలివేశారు. తిరిగి అరవై ఏళ్ళకు, 1857 తిరుగుబాటు తరువాత, ఖైదీలను ఉంచుటకు దూరపు చోటు కావలసి వచ్చినప్పుడు ఆ దీవులే గుర్తుకు వచ్చాయి. మౌట్ అధ్యక్షతన వెళ్ళిన సంఘం పాత రేవునే మళ్ళీ ఎంపిక చేసింది. 1858 మార్చి 10న ఆగ్రా జైలు పర్యవేక్షకుడుగా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండువందలమంది ఖైదీలతో 'సెమిరామిస్' ఓడలో అక్కడ దిగాడు.

ఆ తేదీని గమనించవలసి ఉంది. మార్చి రెండవ వారమంటే అండమాన్‌లో వానలు వెనుకబడి ఉక్క మొదలయ్యే కాలం. మే నడిమికి నైరుతి పవనాలు వచ్చేవరకు గాలి స్తంభించి ఉంటుంది. వచ్చినవారిలో ఎక్కువమంది ఉత్తర హిందూస్థానపు పొడి ఎండలకు అలవాటుపడినవారు. వారిచేత మొదట చేయించిన పని అడవి కొట్టడం. ఆకాశం కనపడనంత దట్టమైన అడవి అది. చెట్ల కింద నీడ ఉంటుందే గాని గాలి కదలదు, నేలలోని తడి ఆవిరై అక్కడక్కడే తిరుగుతుంది. చాథమ్‌లో మంచినీరు చాలక శిబిరం రాస్ ద్వీపానికి మారింది. తప్పించుకొని అడవిలోకి పారిపోయినవారు ఆకలికో, దీవివాసుల బాణాలకో బలైపోగా, తిరిగి దొరికినవారిలో ఎనభైమందికి పైగా ఖైదీలను వాకర్ ఉరితీయించాడు. ఆసుపత్రిలో చనిపోయినవారి లెక్క వేరు. పారిపోతే ఏమవుతుందో తెలిసి కూడా పారిపోవడానికి పూనుకొన్నారంటే, ఆ పని ఎటువంటిదో ఊహించవచ్చు.

వేడికి విరుగుడు పాలకులకు తెలియదనడానికి వీలులేదు. తమవరకు వచ్చేసరికి వారు దానిని బాగా ఎరుగుదురు. చదరపు కిలోమీటరైనా లేని రాస్ ద్వీపం రేవు ముఖద్వారంలో, సముద్రపు గాలికి ఎదురుగా ఉంటుంది. 1942 వరకు పరిపాలన కేంద్రం అదే. దొరల బంగళాలు, చర్చి, సైనిక నివాసాలు అక్కడే వెలిశాయి. ఇంటిలోపల పంకాలు లాగడానికి ఖైదీలు ఉండేవారు. ఒకని చెమట ఆరడానికి మరొకడు చెమటోడ్చేవాడన్నమాట. వేసవిలో చీఫ్ కమిషనర్ మకాం ఎదుటి గట్టునున్న మౌంట్ హారియట్ కొండమీదికి మారేది. ఆ కొండ ఎత్తు 365 మీటర్లు మాత్రమే. అంత ఎత్తున ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు మించి తగ్గదు. కాని అక్కడ గాలి వీస్తుంది, ఉక్కలో దాని విలువ డిగ్రీలలో చెప్పలేము.

ఈ కొండ భారతదేశ చరిత్రలో మరొక కారణంగా ప్రసిద్ధికెక్కింది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో దానిని ఎక్కాడు. రోగులు కోలుకొనుటకు ఆరోగ్య కేంద్రం నెలకొల్పడానికి అది తగిన చోటా, కాదా అని చూడడం ఆయన ఉద్దేశం. మునిమాపువేళ దిగివచ్చి హోప్‌టౌన్ రేవు వద్ద పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ ఆయనను కత్తితో పొడిచి చంపాడు. చల్లగాలి వెదకుతూ వెళ్ళిన ప్రయాణం అలా ముగిసింది. 1891 యుద్ధం తరువాత మణిపురి వీరులను నిర్బంధించిన ఆ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు.

1896లో నిర్మాణం మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుతో ఖైదీల శ్రమ ఆరుబయటి నుండి నాలుగు గోడల మధ్యకు వచ్చింది. ఏడు భుజాలు, మూడు అంతస్తులు, సుమారు 690 ఒంటరి గదులు. ప్రతి గదికి ఒక ఇనుప ఊచల తలుపు, వెనుక గోడలో సుమారు మూడు మీటర్ల ఎత్తున చిన్న గవాక్షం. ఖైదీకి ఖైదీ కనపడకుండా ఉండాలన్నది ఆ కట్టడపు లక్ష్యం. చూపును ఆపిన గోడ గాలినీ ఆపుతుంది. కొబ్బరి పీచును కొట్టి నారతీసే పని ఖైదీ తన గదిలోనే చేయాలి. అంతకంటె భయంకరమైనది గానుగ. ఎద్దు తిరుగవలసిన చోట మనిషి తిరుగుతూ రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరి నూనె ఆడాలి. ఆవాల నూనె అయితే పది పౌన్లు. సాయంత్రం తూకంలో తగ్గితే శిక్ష. బారీంద్ర కుమార్ ఘోష్, ఉపేంద్రనాథ్ బందోపాధ్యాయ, వినాయక్ దామోదర్ సావర్కర్‌ల స్వీయ కథనాలు మూడింటిలోను గానుగ ప్రస్తావన వస్తుంది. త్రాగునీటికి కూడా కొలత ఉండేదని వాటివల్ల తెలుస్తుంది. ఉదయం ఇచ్చేది గంజి. ఆ గంజిని గూర్చి ఖైదీలు వేళాకోళాలాడుకొన్నా, చెమటోడ్చే దేహానికి కావలసిన నీరు, ఉప్పు చేరే మార్గాలలో అదొకటి. ఆంధ్రదేశపు కూలి జనం తరవాణి తాగి పొలానికి వెళ్ళడంలో ఉన్న తెలివి కూడా అదే. అయితే తరవాణి కుండ పొలం గట్టున రోజంతా అందుబాటులో ఉంటుంది.

ముప్పై పౌన్లన్న లెక్కలో గాలి స్థితికి చోటు లేదు. ఇది అజ్ఞానమని సమర్థించబోయేవారు ఒక తేదీని చూడాలి. 1905లో, అనగా జైలు పూర్తికావడానికి ఒక సంవత్సరం ముందు, బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త జె. ఎస్. హాల్డేన్ కార్న్‌వాల్ గనులలో తాను చేసిన పరిశీలనలను ప్రకటించాడు. మనిషి ఓర్పుకు హద్దు మామూలు ఉష్ణోగ్రత కాదనీ, తడి బల్బు ఉష్ణోగ్రత అనీ ఆయన నిరూపించాడు. గాలి కదలని చోట తడి బల్బు 31 డిగ్రీలు దాటితే ఊరక కూర్చున్నవాని ఒంటి వేడి కూడా పెరగనారంభిస్తుంది. బరువు పని చేసేవానికి 26కు దిగువనే ఆ హద్దు వచ్చేస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక సాధారణ మధ్యాహ్నం ఆ రెండవ హద్దుకు పైనే ఉంటుంది. ఇంగ్లండులో గని కార్మికుని కోసం లెక్కించిన హద్దును సామ్రాజ్యపు చివరి దీవిలోని గానుగ వద్ద ఎవరూ లెక్కించలేదు.

ఫలితాలు 1912 నాటికి బయటపడ్డాయి. అలీపూర్ కేసులో శిక్షపడి వచ్చిన ఇందుభూషణ్ రాయ్ ఆ ఏడాది ఏప్రిల్ 29న తన గదిలో ఉరివేసుకొన్నాడు. ఆయన ఆత్మహత్యకు వేడిమి ఒక్కటే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. నారతీత పనిలో అరచేతులు పుండ్లు పడడం, అవమానాలు, నిరాశ అన్నీ కలిసే ఉన్నాయి. అదే కేసుకు చెందిన ఉల్లాస్కర్ దత్ కథ మరింత స్పష్టమైనది. ఆయనను బయట ఎండలో ఇటుకల పనికి పెట్టారు. పని చేయనని నిరాకరించినందుకు తిరిగి జైలుకు తెచ్చి, చేతులకు బేడీలువేసి గోడకు నిలబెట్టారు. తీవ్ర జ్వరం వచ్చింది, దానితోపాటే మతి చలించింది. కొంతకాలానికి ఆయనను మద్రాసులోని మానసిక చికిత్సాలయానికి తరలించారు. కలకత్తాలో చమత్కారిగా పేరుపొందిన ఆ యువకుడు తన నిర్బంధపు చివరి సంవత్సరాలను మద్రాసులో గడిపాడన్న సంగతి తెలుగు పాఠకులకు అంతగా తెలియదు.

ఆంధ్రులకు అండమాన్‌తో ఉన్న సంబంధం కూడా శ్రమతోనే ముడిపడి ఉంది. గూడెం ప్రాంతంలో ఉప తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత తగిన కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించడం 1922 మన్యం తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. పోడు వ్యవసాయంపై ఆంక్షలు మరొకటి. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న అమరుడైనాడు; పట్టుబడిన అనుచరులలో పలువురికి ద్వీపాంతరవాస శిక్ష పడింది. లంబసింగి పరిసరాల చలిగాలిలో పుట్టి పెరిగినవారిని సముద్రమట్టపు ఉక్కలోకి తెచ్చి పడవేయడం శిక్ష మీద శిక్ష. బలవంతపు పనిని ఎదిరించినవారికి విధించినది మళ్ళీ బలవంతపు పనియే. వారిలో గాము మల్లుదొర ఆ శిక్షను దాటి బ్రతికి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాద భయంకరాచారి 1930లలో సెల్యులార్ జైలు చూసినవాడే.

ఇంతలో మార్పు రాకపోలేదు. 1919–20 నాటి భారత జైళ్ళ సంఘం, మద్రాసు రాష్ట్రోద్యోగి అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన, అండమాన్‌ను శిక్షాస్థలంగా వాడడం మానుకోవాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకొని కూడా పదేళ్ళకు రాజకీయ ఖైదీలను మళ్ళీ పంపింది. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు కోల్పోయిన పిమ్మట తిండి, వెలుతురు, పుస్తకాల విషయంలో కొన్ని సౌకర్యాలు కలిగాయి. 1937 దీక్ష తరువాత 1938 ఆరంభానికి వారంతా స్వదేశం చేరారు. 1942లో దీవులను ఆక్రమించిన జపాన్ సైన్యం విమానాశ్రయపు పనికి స్థానికులను బలవంతంగా ఈడ్చింది. జెండా మారినా ఎండలోని పని మారలేదు.

ఆ వాతావరణంలో వేల సంవత్సరాలుగా బ్రతుకుతున్నవారు ఏం చేశారన్నది ఎవరైనా అడిగి ఉండవలసిన ప్రశ్న. కార్ నికోబార్‌లోని సంప్రదాయ గృహం తేనెపట్టు ఆకారంలో, గుండ్రంగా, మనిషి నిలువెత్తు స్తంభాలపై ఉంటుంది. గోడ, కప్పు అన్నీ కలిసిన దట్టమైన గడ్డి కప్పు ఎండను, వానను ఆపుతుంది. నిచ్చెన ఎక్కి పైకి వెళ్తే పడక; పగలు గడిచేది మాత్రం కింద, నాలుగు దిక్కుల నుండి గాలి వీచే నీడలో. సెల్యులార్ జైలు గోడలు ఆపిన గాలిని ఈ ఇల్లు ఆహ్వానిస్తుంది. రెండింటి మధ్య దూరం మూడువందల కిలోమీటర్లు కూడా లేదు.

స్వాతంత్ర్యానంతరం ఇష్టపూర్వకంగా ఈ దీవులకు వచ్చినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనంలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో అత్యధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాలవారు. చేపల వేటకు, కట్టడపు పనులకు వచ్చి కుటుంబాలతో నిలిచిపోయినవారు. కళింగ తీరపు ఉక్క వారికి పుట్టుకతో పరిచయమైనదే. సెల్యులార్ జైలు ఖైదీకి లేనిది, వీరికి ఉన్నది ఒకటుంది: పని వేళను, విశ్రాంతి వేళను కొంతవరకైనా తామే నిర్ణయించుకొనే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ సంపూర్ణం కాదు. 1948 నాటి కర్మాగారాల చట్టం పదమూడవ సెక్షన్ కార్మికునికి తగినంత గాలి, భరించదగిన ఉష్ణోగ్రత ఉండాలని చెప్పేది. కాని అది కర్మాగారపు గోడల లోపలికే పరిమితమై ఉండేది. వేటపడవకు, రోడ్డు పనికి ఆ సెక్షన్ వర్తించేది కాదు.

1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించబడిన సెల్యులార్ జైలులో గానుగ నమూనాను నేటికీ చూడవచ్చు. అక్కడికి కొద్ది దూరాన ఉన్న జంగ్లీఘాట్ రేవులో పడవల నుండి చేపల గంపలు దించేవారి నోట ఉత్తరాంధ్ర తెలుగు వినిపిస్తుంది.