పక్షవాతం నుండి కోలుకోవడంలో రక్తపరీక్షల పాత్ర

(పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం)

విశాఖపట్నం: పక్షవాతానికి చికిత్స పొందిన రోగి ఏ మేరకు కోలుకోగలడో అంచనా వేయుటకు కొన్ని రక్తపరీక్షలు వైద్యులకు తోడ్పడుచున్నవి. అయితే ఇవేవీ సి.టి. స్కాన్‌కుగాని, సకాలంలో అందవలసిన చికిత్సకుగాని ప్రత్యామ్నాయం కావు. జాలరిపేట వంటి మత్స్యకార వాడలలో ఈ తేడా తెలిసి ఉండుట మిక్కిలి అవసరం.

వ్యాధి స్వరూపం: మెదడులోని రక్తనాళం గడ్డతో మూసుకుపోవుట వలన గాని, చిట్లి రక్తస్రావం జరుగుట వలన గాని పక్షవాతం కలుగుతుంది. మొదటి రకానికి గడ్డను కరిగించే మందు ఇస్తారు. రెండవ రకంలో అదే మందు ప్రాణాంతకం. రెండింటికీ పైకి కనిపించే లక్షణాలు ఇంచుమించు ఒక్కటే కనుక స్కాన్ తప్పనిసరి. అధిక రక్తపోటు రెండింటికీ ప్రధాన కారణం. ఉప్పుచేపల వాడకం ఎక్కువగా ఉన్న కుటుంబాలు రక్తపోటును తరచు పరీక్షింపజేసుకొనుట మంచిది.

చికిత్సకు గడువు: ఆల్టెప్లేజ్ అనే మందు 3 గంటలలోపు ఇస్తే మేలు కలుగుతుందని 1995లోను, 4.5 గంటల వరకు ప్రయోజనం ఉంటుందని 2008లోను పరిశోధనలు వెల్లడించినవి. పెద్ద రక్తనాళంలోని గడ్డను గొట్టం ద్వారా తొలగించే పద్ధతి 2015లో రుజువైనది. ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు ఇది ఉపకరిస్తుందని 2018లో తేలినది. రోగి చివరిసారిగా ఆరోగ్యంగా కనిపించిన క్షణం నుండే ఈ గడువును లెక్కిస్తారు. బోటులో నిద్రలేచేసరికి కాలు, చేయి పడిపోయినవానికి పడుకున్న సమయమే ఆధారం. ఆ సమయం చెప్పగలిగినవారు సరంగు, తోటి కళాసీలు మాత్రమే.

చికిత్సకు ముందు: గడ్డను కరిగించే మందు ఇచ్చుటకు ముందు రక్తంలో చక్కెర పరీక్ష ఒక్కటే అందరికీ తప్పనిసరి. చక్కెర బాగా పడిపోయినప్పుడు సైతం పక్షవాత లక్షణాలే కనిపించవచ్చును. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారికి, రక్తస్రావ దోషం ఉన్నదని అనుమానించినవారికి మాత్రమే ఇతర ఫలితాల కొరకు వేచి ఉంటారు. ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువైనా, ఐ.ఎన్.ఆర్. 1.7కు మించినా సాధారణంగా ఈ మందు ఇవ్వరు.

చికిత్స తరువాత: ఆసుపత్రిలో చేరేనాటికి చక్కెర అధికంగా ఉన్నవారిలో కోలుకొనుట మందగించుట, మెదడులో రక్తస్రావం జరుగుట ఎక్కువగా కనిపిస్తున్నది. తెల్లకణాలలో లింఫోసైట్లతో పోల్చగా న్యూట్రోఫిల్స్ నిష్పత్తి పెరుగుట, సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరుగుట వాపు తీవ్రతను సూచిస్తాయి. దెబ్బతిన్న నరాల తంతువుల నుండి విడుదలయ్యే న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రోటీన్ రోజులు, వారాల తరబడి పెరుగుతూ నష్టం మేరను తెలుపుతుంది. జి.ఎఫ్.ఎ.పి. అనే ప్రోటీన్ రక్తస్రావంలో తొలి గంటలలోనే పెరుగుతుంది. దీనిని రెండు రకాలను వేరుపరచుటకు వాడే విషయమై అధ్యయనాలు జరుగుచున్నవి.

పరిమితులు: న్యుమోనియా సోకినా సి-రియాక్టివ్ ప్రోటీన్ పెరుగుతుంది. వయసు పెరిగినకొద్దీ న్యూరోఫిలమెంట్ కూడా పెరుగుతుంది. కావున రోగి వయసు, వ్యాధి తీవ్రత, స్కాన్‌లతో కలిపియే ఈ ఫలితాలను పరిశీలిస్తారు. తీవ్రతను 0 నుండి 42 వరకు గల ఎన్.ఐ.హెచ్. స్ట్రోక్ స్కేలుతోను, కోలుకున్న తీరును సాధారణంగా 90వ రోజున 0 నుండి 6 వరకు గల ర్యాంకిన్ స్కేలుతోను కొలుస్తారు. రక్తపరీక్ష ఫలితం బాగుండలేదని ఫిజియోథెరపీని, మాట అభ్యాసాన్ని మానుకొనరాదు.

స్థానిక ప్రాధాన్యం: 1923లో ఏర్పడిన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి జాలరిపేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అయితే వేటలో ఉన్న బోటు ఒడ్డు చేరుటకే గంటలు పట్టవచ్చును. మూతి వంకరపోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే ఒడ్డుకు సమాచారమిచ్చి, 2005లో మొదలైన 108 అంబులెన్సును రేవు వద్ద సిద్ధంగా ఉంచుకొనవలెను. మింగుట కష్టమై ఉండవచ్చును గనుక నీరు, ఆహారం ఇవ్వరాదు. స్కాన్‌కు ముందు ఆస్పిరిన్ ఇవ్వరాదు. పసరు మందుల కొరకు కాలయాపన చేయరాదు.

ఒక్క రక్తపరీక్షతోనే పక్షవాతం నిర్ధారణ అవుతుందన్న భావన కలిగించే శీర్షికలు రోగులను ఆసుపత్రికి బదులు ప్రయోగశాలకు మళ్లించే ప్రమాదం కలదు. పాత్రికేయ మిత్రులు ఈ విషయాన్ని గమనించి, లక్షణాలు కనిపించిన వెంటనే సమయం గుర్తించి ఆసుపత్రికి చేరవలెనన్న సందేశానికి ప్రాధాన్యమీయవలసినదిగా కోరడమైనది.