హాప్స్: గెంతని మాట
బీరులో చేదు హాప్స్ అనే తీగది. గంజాయి కుటుంబపు మొక్కే, మత్తు మాత్రం దీని పని కాదు. ఆడమొక్క పూగుత్తుల్లో ఉండే పసుపు పొడి మరిగితే చేదెక్కుతుంది, బీరు త్వరగా పాడవకుండా కాస్తుంది. ఈ నిలవగుణాన్ని 12వ శతాబ్దంలోనే జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ రాసిపెట్టింది. ఇంగ్లీషువాళ్లు 15వ శతాబ్దంలో డచ్చివాళ్ల దగ్గర సరుకుతోపాటు ‘హొప్పె’ అన్న పేరునూ తీసుకున్నారు. గెంతడమనే ‘హాప్’ వేరు, అది వాళ్ల సొంత పాతమాట. అప్పట్లో హాప్స్ లేనిది ‘ఏల్’, వేసింది ‘బీర్’. శాస్త్రనామం మరీ తమాషా: హ్యుములస్ లుపులస్. లాటిన్‌లో లుపులస్ అంటే చిన్న తోడేలు! రోమన్ రచయిత ప్లినీ చెప్పిన ‘విల్లో చెట్ల తోడేలు’ ఈ తీగేనని చాలామంది అంటారు. ఎగబాకి చెట్టును చుట్టేసే తీరు చూస్తే ఆ పేరు తగినదే. మన దేశంలో దీన్ని హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు.