కాకతిరాజ్యభారధౌరేయుఁడు: రేచర్ల రుద్రసేనాని

రాజచరిత్రములు సింహాసనమెక్కినవారి పేళ్లతో నిండియుండుట సహజము. సింహాసనము శూన్యమైయుండఁగా దాని ప్రక్క నిలిచి, తానెక్కక, ఎక్కవలసినవానికై దానిని గాచియుంచినవారి పేళ్లు మాత్రము తఱచుగా శాసనములలోనే నిలిచి, జనుల నోటినుండి జాఱిపోవుచుండును. ఓరుఁగల్లు చరిత్రమున నట్టివారిలోఁ బ్రథమగణ్యుఁడు రేచర్ల రుద్రసేనాని. అతఁడు చేసిన కార్యమెట్టిదో, దానికిఁ గల ప్రమాణమెంతటిదో విమర్శించుట యీ వ్యాసమునకు విషయము.

ముందుగా నొక భ్రమను దొలఁగించుకొనవలసియున్నది. కాకతీయయుగమున రుద్రనామధేయులు పెక్కురు. 1163లో హనుమకొండయందు వేయిస్తంభముల గుడిని నెలకొల్పిన రుద్రదేవ మహారాజొకఁడు. గణపతిదేవుని కూఁతురై పురుషనామముతో రాజ్యమేలిన రుద్రమదేవి యొకతె. ఆమె దౌహిత్రుఁడగు ప్రతాపరుద్రుఁ డొకఁడు. మన సేనాని వీరిలో నెవఁడును గాఁడు. అతఁడు కాకతీయులకు సామంతుఁడు, దండనాథుఁడు. పిల్లలమఱ్ఱి నేలిన రేచర్లవారితో నతని వంశమునకు సంబంధము గలదు. రాచకొండ, దేవరకొండ దుర్గముల నేలిన రేచర్ల పద్మనాయకులు మాత్రము పిదపకాలమువారు, వేఱువంశీయులు. ఈ భేదమెఱుఁగక యొకరి కీర్తి నింకొకరికిఁ గట్టిపెట్టుట పలుచోట్లఁ గానవచ్చుచున్నది.

ఇఁక సందర్భము. 1195 ప్రాంతమున దేవగిరి యాదవరాజగు జైతుగితో జరిగిన యుద్ధమున రుద్రదేవుఁడు హతుఁడయ్యెను. అతని తమ్ముఁడు మహాదేవుఁడు రాజ్యమునకు వచ్చి మూఁడేండ్లయిననుఁ జక్కఁగా నేలకమున్నే యాదవులపై దండెత్తి, తానును సమరమున మడిసెను. అతని కుమారుఁడు గణపతిదేవుఁడు శత్రువులకుఁ జిక్కి బందీ యయ్యెను. ఇట్లు నాలుగైదేండ్లలో నిరువురు రాజులు గూలిరి. వారసుఁడు చెఱసాలలో నుండెను. అంతఃకలహములును బొరుగువారి దండయాత్రలును దలయెత్తుట కింతకంటె ననుకూలమగు కాలము వేఱొకటి యుండదు.

ఈ విపత్సమయమున రాజ్యమును నిలిపినవాఁడు రేచర్ల రుద్రుఁడని చెప్పుటకు ముఖ్యాధారము పాలంపేట శాసనము. ఇది శాలివాహనశకము 1135, అనఁగా క్రీ. శ. 1213 నాఁటిది, సంస్కృతశ్లోకమయము. ఇందు మొదటఁ గాకతీయుల వంశమును, పిదప రేచర్ల వంశమును గీర్తితములైనవి. కాకతిరాజునకై కాంచీనగర ద్వారమును దెఱచిన బ్రహ్మసేనాని యీ వంశమునకు మూలపురుషుఁడుగా వర్ణింపఁబడెను. రుద్రుఁడు నాగతి యను రాజును బాఱఁద్రోలినట్లును, కాకతిరాజ్యభారమును వహించినట్లును దీనివలనఁ దెలియుచున్నది. “కాకతిరాజ్యభారధౌరేయ” యను బిరుద మాకాలపు స్థితికి సరిపడినది. ధౌరేయమనఁగా కాడి మోయు నెద్దు. ఎద్దు బండిని లాగునే కాని బండిలోఁ గూర్చుండదు గదా!

ఇట నొక యాక్షేపము పుట్టవచ్చును. యాదవ రామచంద్రుని పైఠణు తామ్రశాసనము గణపతిదేవుని విడుదలను జైతుగి యౌదార్యముగాఁ జెప్పుచున్నది. పాలంపేట శాసనమో రుద్రుఁడు తానే వేయించినది. ఆత్మస్తుతి యనరాదా యని. నిజమే, ప్రతి శాసనమును దన కర్తవైపే మొగ్గును. కాని రుద్రుని శాసనము గణపతిదేవుఁడు బ్రదికి, బలవంతుఁడై యేలుచున్న దినములలో, రాజధానికి నాలుగైదామడలలోపలనే నిలుపఁబడినది. రాజ్యభారము నేను మోసితినని యొక సామంతుఁడు రాజెదుట ఱాతిపైఁ జెక్కించుటయు, రాజు దానిని సహించుటయు నది యెల్లవారెఱిఁగిన సంగతి యగుటచేతనే సంభవించును. మఱియు నీ రెండు సాక్ష్యములకును విరోధము లేదు. చెఱవిడుచుట జైతుగి చేతిలోనిది. విడువఁబడినవాఁడు తిరిగివచ్చుటకు రాజ్యమొకటి మిగిలియుండుట రుద్రుని చేతిలోనిది.

ఈ కార్యము గొప్పతనము పరదేశచరిత్రముతోఁ బోల్చిచూచిన నింకను స్పష్టపడును. చీనాదేశమున హాన్ సామ్రాజ్యము శిథిలమగుచుండఁగాఁ ద్సావ్ త్సావ్ (155-220) అను దండనాథుఁడు 196లో బాలుఁడగు శ్యన్ చక్రవర్తిని దన యండకుఁ దెచ్చుకొనెను. పాడువడిన భూములలో నిరాశ్రయులను నిలిపి సేద్యము చేయించి సైన్యమునకు ధాన్యము సమకూర్చెను. ఉత్తరదేశమునెల్ల నేకము గావించెను. యుద్ధమునను, రాజ్యతంత్రమునను, కవిత్వమునను నతఁడు ప్రతిభావంతుఁడు. చక్రవర్తి పేర సమస్తాధికారమును జేసియు, 216లో వెయ్ రాజపదవి నందియుఁ, దాను జక్రవర్తి కాలేదు. కాని యతఁడు మరణించిన సంవత్సరమే యతని కుమారుఁడు త్సావ్ పీ హాన్ వంశము నంతమొందించి సింహాసనమెక్కెను. తండ్రి కాచిన కంచె చేను మేసెను. రుద్రుని యధికారము త్సావ్ త్సావ్ యధికారమంత విస్తృతము గాకపోవచ్చును. కాని యవకాశ మంతకంటెఁ దక్కువది కాదు. చీనాచక్రవర్తి నగరిలోనే యుండెను. ఓరుఁగల్లు వారసుఁడు శత్రువు చెఱలో నుండెను. అయినను రుద్రుఁడు పొందినది బిరుదమేకాని కిరీటము గాదు.

దీని ఫలమును దేశమనుభవించెను. 1199లో రాజ్యమునకు వచ్చిన గణపతిదేవుఁడు 1262 వఱకు నేలెను. దివిసీమ మొదలుగాఁ దీరాంధ్రము కాకతీయుల వశమయ్యెను. మోటుపల్లి రేవున విదేశవర్తకుల కభయశాసనము వెలసెను. ఓరుఁగల్లు కోట పెంపొందెను. ఆ బందీ తిరిగివచ్చునాఁటికి రాజ్యము ముక్కలైయున్నచో నివి యన్నియు నెట్లు సమకూరును?

రుద్రుని స్వహస్తకీర్తి నేఁటి ములుగు జిల్లాలోని పాలంపేటయం దున్నది. అతఁడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరునకు నెఱ్ఱయిసుకరాతి కోవెలయు, నల్లఱాతి స్తంభములును, మదనికలును, నీటఁ దేలునంతటి తేలికయిటుకలతోఁ గట్టిన శిఖరమును గలవు. చేరువనే చెఱువు పొలములకు నీరిచ్చుచున్నది. అయినను లోకము దీనిని శిల్పి పేరని జనశ్రుతిగల “రామప్ప” పేరనే పిలుచుచున్నది. 2021లో యునెస్కో దీనిని ప్రపంచవారసత్వ స్థలముగాఁ గాకతీయ రుద్రేశ్వరాలయ మను పేర నంగీకరించెను. పేరు తిరిగివచ్చినది; కాని “కాకతీయ” శబ్దము ముందుండుటచే నా రుద్రుఁడు రాజగు రుద్రదేవుఁడే యని పామరులు తలంచుటకు వీలుగలదు. ఆ రుద్రుఁ డెవఁడో బాలురకుఁ దెలియఁజెప్పుట పాఠశాలాపండితుల వంతు. రాజ్యమును గెలిచినవారి కథలు వారికి మనము చాలఁ జెప్పితిమి. చేతికందిన రాజ్యమును దన దనక యొప్పగించినవాని కథయును జెప్పవలసియున్నది.