వికలాంగ యోధులును వస్త్రభృతియు

మన కులమూలపురుషుడగు భావనాఋషి తామరతూటి నారతో దేవతలకు వస్త్రములు నేసి యిచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ సంప్రదాయమున బుట్టిన మనకు, బట్ట యెచ్చట ముందుగా నొరసికొనునో, ఎచ్చట పోగులు తేలునో యొకరు తెలుపవలసిన పనిలేదు. కావుననే, యుద్ధమున నవయవములు గోల్పోయిన సైనికుల వస్త్రములకై పరదేశ ప్రభుత్వములు చేసిన యేర్పాటుల చరిత్రమును కులసోదరులకును, పోషకులకును మనవి చేయుచున్నాము.

ఫ్రాన్సు ప్రభువగు పదునాలుగవ లూయీ 1670లో అశక్త సైనికులకై పారిసు నగరమున నొక మహాభవనమును నిర్మింప నాజ్ఞాపించెను. ఆంగ్లదేశమున రెండవ చార్లెసు 1682లో చెల్సీ యాశ్రమమును స్థాపించెను; అందలివారి యెఱ్ఱని అంగీ నేటికిని ప్రసిద్ధమే. అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన 1865లో శాసనముచే నేర్పడిన సైనికాశ్రమములందును నీలపు సైనికదుస్తులే యిచ్చిరి. వీనియందెల్ల బట్ట దొరకెను. కాని యాశ్రమవాసికే దొరకెను, అదియు నొకే తీరున.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాసంగ్రామమున బ్రిటిషు ఆసుపత్రులలోని గాయపడిన సామాన్య సైనికులు నీలపు దుస్తులును, తెల్లచొక్కాయును, ఎఱ్ఱని మెడపట్టీయు ధరింపవలసియుండెను. ఆ దుస్తులు పలువురకు కొలత కుదరకుండెడివి. అధికారులకు మాత్రము ఈ నిర్బంధము లేదు! వీథిని బోవువారు వానిని జూచి గౌరవించిరనుట నిజమే. అయినను, తన దేహముపై నేమి ధరింపవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఆ వీరునకు లేకుండెను.

ఈ పద్ధతికి భిన్నమగు మార్గము అమెరికాలో 1972వ సంవత్సరము జూను 30వ తేదీని శాసనరూపము దాల్చెను. సైన్యసేవవలన గలిగిన వైకల్యమునకు కృత్రిమావయవమునో, ఊతపట్టీనో, చక్రముల కుర్చీనో వాడుటచే బట్టలు చిఱుగువారికి ఏటికి 150 డాలర్ల భృతి నిర్ణయింపబడెను. కొయ్యకాలి కీలు పంట్లామును గొఱుకును. కుర్చీచక్రము చొక్కాచేతిని నమలును. ఈ చిన్న నష్టమును శాసనకర్తలు గుర్తించిరి. బట్టకు బదులు రొక్కమిచ్చిరి గనుక, రంగును తీరును ఎన్నుకొను నధికారము ధరించువానికే దక్కెను.

1989లో, చర్మవ్యాధి లేపనములవలన పైబట్టలు చెడువారిని గూడ ఇందు జేర్చిరి. భృతి యొక్కటియేనా, సాధనమున కొక్కటియా యను వివాదమున, 2009లో ఫెడరలు అప్పీలు న్యాయస్థానము సాధనముల సంఖ్యనుబట్టి ఒకటికంటె నెక్కువ భృతులు పొందవచ్చునని తీర్పు చెప్పెను. పెక్కుమంది ఏటేట మరల అర్జీ పెట్టుకొనవలసిన శ్రమయు 2022 నాటి శాసనముచే తగ్గెను. పోయిన కాలు మఱుసటి యేట మొలవదుగదా!

సోదరులారా, ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది యొక్కటి కలదు. సభలలో వేదికపైకి బిలిచి పేదలకు వస్త్రదానము చేయుట మనలో పరిపాటి. దాతల సద్భావమును మేము శంకింపము. కాని పుచ్చుకొనువాని తల వంగునట్టి దానముకంటె, అతని యక్కఱ నెఱిగి, ఇంటికే పంపి, ఇష్టము నతనికే విడుచు సహాయము మేలు. మానము గాపాడుటకై బట్ట నేయు కులమువారము. ఇచ్చునపుడును ఆ మానమును గాపాడుదము గాక.