హెడ్మాస్టరు గది దాకా వచ్చిన చట్టం

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన ఈ సంచికలో జ్ఞాపకాలు చాలామంది రాస్తారు. ఇంటర్వెల్ గంట, వేపచెట్టు నీడ, లెక్కల మాస్టారి చాక్‌పీసు గురి, ఇవన్నీ నాకంటే బాగా రాయగల మిత్రులు ప్రతి బ్యాచిలోనూ ఉన్నారు. నేను ఇంకో సంగతి ఎంచుకున్నాను. ఈ యాభై ఏళ్లలో మన బడి గోడలూ బెంచీలూ మారినదానికంటే బడిని నడిపే చట్టం ఎక్కువ మారింది. హెడ్మాస్టరు గారి కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవారికీ, రేపు కూర్చోబోయేవారికీ, బడికి ఏదైనా చేద్దామని వచ్చే మనకూ ఆ మార్పు సంగతి తెలిసి ఉండాలని నా ఉద్దేశం.

మా నాన్న తరం వాళ్లు మన బడిని చివరిదాకా బోర్డు హైస్కూలు అనే అన్నారు. అది జిల్లా బోర్డుల నాటి పేరు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక ఆ బడులు జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. అంతకుముందే, 1950లోనే, రాజ్యాంగం 45వ అధికరణంలో ఒక మాట చెప్పింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని. పదేళ్లు గడిచాయి, ఇంకో మూడు పదులు గడిచాయి. అది ఆదేశిక సూత్రం మాత్రమే కనుక, మా పిల్లాడికి బడి ఏదని ఎవరూ కోర్టు మెట్లెక్కి అడగలేకపోయారు. 1976లో 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం వచ్చింది. మేం అప్పటికి బడిలోనే ఉన్నాం గానీ, చట్టం అనే మాట మా చెవిన పడలేదు. మాకు రూలు అంటే హెడ్మాస్టరు గారి మాటే.

ఆ మాటలో న్యాయమూ ఉండేది, బెత్తమూ ఉండేది. ఎవరిని చేర్చుకోవాలో, టీసీ ఎప్పుడివ్వాలో ఆయన ఇష్టం. వీటన్నిటి మధ్యలో ఏడో తరగతి కామన్ పరీక్ష ఉండేది. మా తరగతిలో అది తప్పినవాళ్లలో కొందరు మళ్లీ బడి మొహం చూడలేదు. ఒకడు సైకిల్ షాపులో చేరాడు, ఇద్దరు పొలం పనికి వెళ్లారు. అమ్మాయిలైతే ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్లలో మొద్దులు ఎవరూ లేరు. సైకిల్ షాపువాడు నోటి లెక్కల్లో నాకంటే చురుకు.

కథ మలుపు తిరిగింది మాత్రం పల్లె బడి దగ్గర కాదు, క్యాపిటేషన్ ఫీజుల దగ్గర. ప్రైవేటు ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల ఫీజులను అదుపు చేసే రాష్ట్రాల చట్టాల మీద యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అదే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసు. 1993 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పులో, పద్నాలుగేళ్లు వచ్చేవరకు చదువు పొందడం పిల్లల ప్రాథమిక హక్కు అని కోర్టు తేల్చింది. మెజారిటీ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. నాలాంటి ఇంజనీర్ల ఫీజుల తగాదా నుంచి కూలివారి పిల్లల హక్కు బయటపడటం చరిత్ర చేసే చిత్రాల్లో ఒకటి.

ఆ తర్వాత 2002లో 86వ సవరణ ద్వారా 21ఎ అధికరణం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. రెండూ 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి, అంటే ఎనిమిదో తరగతి దాకా. మన బడిలో ఆరు, ఏడు, ఎనిమిది దాని కిందికి వస్తాయి, తొమ్మిది, పది రావు. ఒకే వరండాలో రెండు రకాల నియమాలు నడుస్తాయన్నమాట.

హెడ్మాస్టరు గారి గదిలో మారినదేమిటో చూడండి. వయసు ధ్రువపత్రం లేదని పిల్లను వెనక్కి పంపకూడదు. టీసీ రాలేదని చేర్చుకోవడం ఆపకూడదు. ఇవ్వవలసిన టీసీని ఆలస్యం చేస్తే హెడ్మాస్టరు మీదే క్రమశిక్షణ చర్య. కొట్టడమే కాదు, మనసు నొచ్చుకునేలా వేధించడం కూడా 17వ సెక్షన్ కింద నిషిద్ధం. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర పనులకు టీచర్లను పంపకూడదని 27వ సెక్షన్ అంటుంది. ఈ చివరిది చదివి మన టీచర్ మిత్రులు నవ్వుకుంటారని తెలుసు, అయినా రాయక తప్పదు. 2012 నాటి పోక్సో చట్టాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి విషయంలో సంస్థ అధిపతి చెప్పకపోతే ఏడాది దాకా జైలు. బడి పరువు పోతుందని లోపల సర్దుబాటు చేసే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే, అది ఇప్పుడు నేరం.

మా వృత్తిలో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అనే కోడ్ ఉంది. 1978 నాటి ప్రతితో చదువుకున్నాం, 2000లో కొత్తది వచ్చింది. ఆ రోజు నుంచి పాతదాన్ని పక్కన పెట్టాం. బడి ఆఫీసులో ఆ వీలు లేదు. పాత సర్క్యులరూ కొత్త సర్క్యులరూ ఒకే ఫైల్లో, ఒకే ట్యాగు దారానికి వేలాడుతుంటాయి. ఏది రద్దయిందో చెప్పేవారుండరు. ఇంగ్లీషు మీడియం సంగతే తీసుకోండి. 2019 నవంబరులో జీవోలు 81, 85 వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉన్న మాట ఆ వాదంలో ముఖ్యమైంది. ఆ ఆరు నెలలూ పుస్తకాల ఇండెంటు ఏ భాషలో పెట్టాలో తేల్చుకోవాల్సిన హెడ్మాస్టర్ల అవస్థ ఎవరు రాస్తారు?

ఇక ఇటీవలి రెండు మార్పులు. మొదటిది తప్పించడం గురించి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఎనిమిది దాటేవరకు ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదని చెప్పింది. 2019 సవరణ ఆ సెక్షన్‌ను మార్చింది. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టాలి. తప్పినవారికి అదనంగా బోధించి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పటికీ కాకపోతే ఆపాలో వద్దో ప్రభుత్వం నిర్ణయించవచ్చు. 2024 డిసెంబరు 16న కేంద్రం తన నియమాలు సవరించి కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి తన బడుల్లో ఆపడాన్ని తిరిగి తెచ్చింది. అప్పటికి మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆపకూడదన్న పద్ధతిలోనే ఉన్నాయి. ఒకటి మాత్రం ఎక్కడా మారలేదు. ఎనిమిది పూర్తయ్యేవరకు ఏ పిల్లనూ బడి నుంచి తీసివేయకూడదు.

చదవడం రాకుండానే తొమ్మిదిలోకి వచ్చేస్తున్నారన్న టీచర్ల బాధ నిజమే. కానీ ఏడో తరగతి కామన్ పరీక్ష చేసిన పని నేను కళ్లారా చూశాను. ఆపితే పిల్లాడు అదే తరగతిలో కూర్చుంటాడని కాగితం అనుకుంటుంది, పిల్లాడు సైకిల్ షాపుకు వెళ్తాడు. నా దృష్టిలో ఈ సవరణలో విలువైనది ఆపే అధికారం కాదు, మధ్యలో ఉన్న ఆ రెండు నెలల అదనపు బోధన. అది మనసుపెట్టి చేస్తే ఆపాల్సినవాళ్లు బహు కొద్దిమందే మిగులుతారు. మన సంఘం వేసవిలో ఇద్దరు ట్యూటర్లను పెట్టగలిగితే, ఆర్చి గేటు కంటే అది మేలు.

రెండోది మన గురువులనూ, టీచర్లైన మన మిత్రులనూ నేరుగా తాకేది. 2010 ఆగస్టు 23న ఎన్‌సీటీఈ, ఎనిమిది దాకా బోధించేవారికి టెట్ తప్పనిసరి చేసింది. అంతకుముందు డీఎస్సీల్లో వచ్చినవారు తమకిది వర్తించదనుకున్నారు, ప్రభుత్వాలూ అలాగే నడిపాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నమ్మకాన్ని తీసేసింది. ఆనాటికి పదవీ విరమణకు ఐదేళ్లకు మించి ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్లలోపు ఉన్నవారు అలాగే కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. పిల్లలకు మంచి టీచరు హక్కే అన్నది ఒప్పుకుంటాను. అయితే పాతికేళ్లు పాఠం చెప్పి, డీఈవోలు అయినవారిని తయారుచేసిన మనిషిని 150 మార్కుల బిట్ పేపరుతో కొలవడం నాకు మింగుడుపడలేదు. రాజ్యం పదిహేనేళ్లు నోరెత్తకుండా ఉండి రెండేళ్ల గడువు పెట్టడం ఇంకా కష్టం. నా మాట కోర్టుకు చేరదు గనుక, ఆ మిత్రులకు చెప్పేది ఒక్కటే. హెడ్మాస్టర్లు ప్రతి టీచరు సర్వీసు రిజిస్టరూ తీసి, పదవీ విరమణ తేదీ, టెట్ సంగతి పక్కపక్కన రాసి పెట్టాలి. ప్రమోషన్ జాబితా వచ్చిన రోజున వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

మన సంఘానికి సంబంధించినది కూడా కొంచెం ఉంది. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీ. పూర్వ విద్యార్థులకు అందులో చట్టం ఇచ్చిన కుర్చీ లేదు. మనం విరాళం ఎంత తెచ్చినా, ఏం కట్టాలో ఆ తల్లులను అడిగి, ప్రణాళికలో రాయించాకే కట్టాలి.

అడిగితే ర్యాంపు అంటారేమోనని నా ఊహ. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలోకీ ఆటంకం లేని దారి ఉండాలంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గట్టిపరిచింది. చాలా బడుల్లో కాంట్రాక్టర్లు కట్టిన ర్యాంపులు చూశాను. చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే ఆగదు. వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. మన బడి వరండా ఎత్తు రెండడుగులు, కాబట్టి ఇరవై నాలుగు అడుగుల పొడవు పడుతుంది. తూర్పు వైపు నీళ్ల ట్యాంకు పక్కన ఆ జాగా ఉంది. కొలతలు తీసి డ్రాయింగు హెడ్మాస్టరు గారికి ఇచ్చాను, కమిటీ తదుపరి సమావేశంలో పెడతామన్నారు.